కొత్త బూట్ల ఉత్సాహం తీరిపోయాక

జనవరి మొదటి వారంలో తెల్లవారుజామున నల్లగొండ ఎన్జీ కాలేజీ మైదానానికి వస్తే ఒకరినొకరు తప్పించుకుంటూ నడవాలి. కొత్త బూట్లు, కొత్త ట్రాక్ ప్యాంట్లు, చెవుల్లో కొత్త ఇయర్‌ఫోన్లు. సంక్రాంతి సెలవులు ముగిశాక అదే వేళకు మళ్లీ రండి. పాతవాళ్లు పాత బూట్లతో తిరుగుతూనే ఉంటారు. కొత్తవాళ్లలో ఒకరో ఇద్దరో మిగులుతారు. ఉగాదికి మళ్లీ కొత్త గుంపు వస్తుంది, ఎండలు ముదరగానే అదీ కరిగిపోతుంది.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పీఈటీని. పిల్లలను పరుగెత్తించడం నా ఉద్యోగం. పెద్దవాళ్లను నడిపించే పని నాకెవరూ అప్పగించలేదు. మా వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వెంట చేరారు. వాళ్ల నుంచి, వాళ్ల భర్తల నుంచి నేను తరచుగా వినే మాట ఒకటే: "మేడం, మొదట్లో ఉన్న హుషారు ఇప్పుడు లేదు. అది మళ్లీ రావాలంటే ఏం చేయాలి?"

హుషారు కోసం ఎదురుచూడకండి అని చెబుతాను. ఆటల పీరియడ్‌కు మా పిల్లలందరూ ఎగిరి గంతేస్తూ వస్తారని అనుకుంటారేమో. సగం మంది కాళ్లీడ్చుకుంటూ వస్తారు. ఒకడికి కడుపునొప్పి, ఇంకొకడికి హోంవర్కు. అయినా గంట కొట్టారు కాబట్టి వస్తారు. పది నిమిషాలు ఆడాక అదే పిల్లలను తరగతికి పంపడం నా వల్ల కాదు. ఒళ్లు వేడెక్కాకే హుషారు పుడుతుంది. అంతకుముందు మిమ్మల్ని గడప దాటించడానికి ఒక గంట ఉండాలి. బడి వదిలేశాక మనకు గంట కొట్టేవాళ్లు లేరు కాబట్టి దాన్ని మనమే కట్టుకోవాలి. ఎలా కట్టుకోవాలో, కట్టుకున్నాక అది ఎక్కడెక్కడ మూగబోతుందో చెబుతాను.

మీ గంట ఏదో ముందు తేల్చుకోండి

"రేపటి నుంచి నడుస్తాను" అనేది పనికిరాని మాట. అందులో వేళ లేదు, చోటు లేదు, ఏ పని తర్వాతో లేదు. "పిల్లల ఆటో వీధి మలుపు తిరగగానే ఇంట్లోకి వెళ్లకుండా అటునుంచి అటే మైదానానికి నడుస్తాను" అనండి. ఇది పనికొచ్చే మాట. రోజూ ఎలాగూ జరిగే ఒక పనికి కొత్త పనిని ముడివేయాలి. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి నిర్ణయాల మీద చాలా పరిశోధన చేశారు. "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని ముందే కచ్చితంగా అనుకున్నవాళ్లు, వట్టి కోరికతో ఆగిపోయినవాళ్ల కన్నా ఎక్కువగా ఆ పని చేస్తారని ఆ పరిశోధనల సారం. నిర్ణయం ముందే అయిపోయింది కాబట్టి ఆ ఉదయం మళ్లీ మనసును అడగవలసిన పని ఉండదు. అడిగితే మనసు ఏం చెబుతుందో మనందరికీ తెలుసు.

ఇక్కడ ఆడవాళ్ల తరఫున ఒక మాట. ఆరోగ్యం గురించి ఎవరు చెప్పినా "ఉదయం ఐదింటికి లేవండి" అని మొదలుపెడతారు. మా వాడకట్టులో ఆడవాళ్లు ఐదింటికి లేచే ఉంటారు. వాకిలి ఊడ్చి, చల్లి, ముగ్గు వేసి, టిఫిన్ చేసి, డబ్బాలు సర్ది, బస్సు వేళకు అందరినీ సాగనంపేసరికి ఎనిమిదిన్నర. ఆ మధ్యలో నడక దూర్చమంటే ఎవరో ఒకరి డబ్బా ఖాళీగా పోతుంది. మూడో రోజుకు ఇంట్లో సణుగుడు, నాలుగో రోజుకు నడక బంద్. దీన్ని సోమరితనం అంటే నాకు కోపం వస్తుంది. అలాంటివాళ్లకు నేను చెప్పేది రెండు దారులు. అందరూ వెళ్లాక, ఎండాకాలం కాకపోతే, ఎనిమిదిన్నర తర్వాత నడవడం. లేదా సాయంత్రం సీరియళ్లు మొదలు కాకముందు. ఉదయమే కావాలంటే ఇంట్లో ఇంకొకరు పొయ్యి దగ్గర నిలబడాలి. ఆ సంగతి నడక మొదలుపెట్టే ముందు రాత్రే మాట్లాడుకోవాలి. టీ పెట్టడం రాని మగవాళ్లను నేను చూడలేదు, అడగని ఆడవాళ్లనే చూశాను.

ప్రకాశం బజార్‌లో కిరాణా దుకాణం నడిపే ఒకాయన ఉదయం ఎంత ప్రయత్నించినా కుదరక విసిగిపోయాడు. పాలు, బ్రెడ్డు కోసం వచ్చేవాళ్లకు తెల్లవారుజామునే షట్టర్ ఎత్తాలి. "అన్నా, షట్టర్ ఎత్తేటప్పుడు కాదు, దించేటప్పుడు చూడండి" అన్నాను. ఇప్పుడు రాత్రి షట్టర్‌కు తాళం వేయగానే బండి అక్కడే వదిలి, గడియారం స్తంభం దాకా నడిచి, తిరిగి వచ్చి బండి తీసుకుని ఇంటికి వెళ్తాడు. ఆయనకు తాళం చప్పుడే గంట. రాత్రి నడక మంచిది కాదని ఎవరో భయపెట్టారట. మరీ ఆయాసపడే వ్యాయామం పడుకునే ముందు వద్దు కానీ, మామూలు నడకకు రాత్రయితే ఏమిటి, పగలైతే ఏమిటి? చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు భోజనం తర్వాతి నడక ఇంకా మేలు. నడిచే కండరాలు రక్తంలోని చక్కెరను లాక్కుని వాడుకుంటాయి కాబట్టి, తిన్న తర్వాత అది పెరిగే వేగం తగ్గుతుంది.

తోడు గురించి. తోడుంటే గంట మరింత గట్టిగా మోగుతుంది, కానీ ఫోనులో కాదు. "వస్తున్నావా అక్కా?" అని సందేశం పెడితే "ఇవాళ తలనొప్పి" అని జవాబు రావడం తేలిక. గేటు ముందు నిలబడి పిలిచే మనిషికి అదే మాట చెప్పాలంటే నోరు రాదు. ఇద్దరు చాలు, ముగ్గురు మంచిది. ఐదుగురు దాటితే ఒకరి కోసం ఒకరు ఎదురుచూడడంలోనే అరగంట పోతుంది, నడకా ముచ్చట్ల వేగానికి పడిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యోదయం ఆరున్నర దాటాక గానీ కాదు. ఆ చీకట్లో వీధికుక్కల భయం నిజమైన భయం. తోడూ, చేతిలో ఒక కర్రా లేకుండా వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. ఆ రెండు నెలలు ఒక గంట ఆలస్యంగా బయలుదేరడంలో తప్పేమీ లేదు.

సిగ్గు సంగతి కూడా ఇక్కడే. చీర మీద బూట్లు వేసుకుంటే నవ్వుతారని మా పిన్ని వరస ఆమె చెప్పులతోనే నడిచి మడమ నొప్పి తెచ్చుకుంది. నవ్వేవాళ్లు నవ్వుతారు. వారం పోయాక వాళ్లకు నవ్వడానికి ఇంకొకటి దొరుకుతుంది. బూట్లు మాత్రం మడమ దగ్గర మెత్తగా, వేళ్ల దగ్గర ఇరుకు లేకుండా ఉండాలి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఖరీదైనవి అవసరం లేదు. వేలకు వేలు పోసి కొంటే ఆ డబ్బు కోసమైనా నడుస్తామనుకోవడం ఒక భ్రమ. జిమ్ముకు ఏడాది రుసుము ఒకేసారి కట్టడం దానికి అన్న. నెల నెలా కట్టండి.

మొదటి రెండు వారాలు: కావాలనే తక్కువ చేయండి

నేను చూసినంతలో కొత్తవాళ్లను ఇంటికి పంపేది బద్ధకం కన్నా ఎక్కువగా మొదటి రోజు అత్యుత్సాహమే. ఏళ్ల తరబడి నడవని మనిషి మొదటి రోజే గంట నడిచి, మధ్యలో రెండు చుట్లు పరుగెత్తి, చివర్లో బస్కీలు తీస్తుంది. మరునాడు మంచం దిగలేదు. ఆ నొప్పి సంగతి ముందే తెలిస్తే భయం ఉండదు. అలవాటు లేని పని చేసిన కండరం మరునాడు నొప్పి మొదలుపెట్టి, రెండో రోజుకో మూడో రోజుకో బాగా పెరిగి, ఆ తర్వాత దానంతటదే తగ్గుతుంది. కండరం బరువు మోస్తూనే సాగవలసి వచ్చే పనుల్లో ఇది ఎక్కువ. అందుకే చెర్వుగట్టు గుట్ట మీది గుడి మెట్లు ఎక్కినవాళ్లకు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే, దిగినందుకు మరునాడు తొడలు పట్టేస్తాయి. ల్యాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందని జిమ్ముల్లో చెబుతుంటారు. అది వ్యాయామం ఆపిన గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి పోతుంది. రెండో రోజు నొప్పికి కారణం అది కాదు, కండరపు పోగుల్లో ఏర్పడిన సన్నని దెబ్బలు. అవి మానే క్రమంలో కండరం గట్టిపడుతుంది. ఆ రోజుల్లో పూర్తిగా పడుకోకుండా ఇంటి చుట్టూ నెమ్మదిగా తిరిగితే నొప్పి తేలికపడుతుంది.

ఒక తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. రెండు తొడలూ సమానంగా పట్టేసినట్లు ఉంటే అది మంచి నొప్పి. ఒకే మోకాలులో సూదిలా పొడిచినా, కీలు వాచినా ఆపేసి డాక్టరుకు చూపించాలి. ఛాతీ మీద బరువు పెట్టినట్లు ఉన్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, గ్యాస్ అనుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కాబట్టి మొదటి వారం పది నిమిషాలు. అవును, పదే. "ఇంతేనా" అనిపించేటప్పుడే ఆపి ఇంటికి వెళ్లండి. రెండో వారం పదిహేను. ఆ తర్వాత వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుతూ పోతే రెండు నెలల్లోపే ముప్పై నలభై నిమిషాలకు చేరుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామం, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే కసరత్తు కావాలని ఉంది. కొత్తవాళ్లు 150 అంకె చూసి బెదిరిపోతారు. అది చేరవలసిన ఊరు, ఎక్కవలసిన బస్‌స్టాండు కాదు. ఆ సూచనల్లోనే అసలు చేయకపోవడం కన్నా కొంచెం చేసినా మేలేనని ఉంది. అంతకుముందు ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉంటేనే లెక్క అనే నియమం ఉండేది. ఆ ఏడాది దాన్ని కూడా తీసేశారు. బస్సు దిగి ఇంటికి నడిచే ఐదు నిమిషాలూ లెక్కే.

పదివేల అడుగుల లెక్కతో కుస్తీ పట్టేవాళ్లు మైదానంలో చాలామంది. ఆ అంకె ఏ వైద్యుడూ ఇచ్చింది కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకు కట్టుకునే అడుగుల లెక్క యంత్రాన్ని అమ్మింది. దానికి పెట్టిన పేరుకు అర్థమే పదివేల అడుగుల మీటరు. అలా వచ్చింది ఆ అంకె. ఎక్కువ అడుగులు వేయడం మంచిదే, కానీ ఆరువేల దగ్గర ఆగినందుకు ఏడుస్తూ పడుకోనక్కరలేదు. అంకె నింపడానికి మంచం మీద కూర్చుని ఫోను ఊపే పెద్దమనుషులను కూడా నేనెరుగుదును.

వేగం తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. బతుకమ్మ పాట ఎత్తుకోండి. ఆగకుండా చరణమంతా పాడి ఉయ్యాలో అనగలిగితే వేగం చాలలేదు. పాట సాగక, పక్కన నడిచే ఆమెకు రాత్రి ఏం వండారో మాత్రం చెప్పగలిగితే అదే సరైన వేగం. కూర పేరు చెప్పడానికే ఊపిరి అందకపోతే తగ్గించండి.

ముందు డాక్టరును అడగవలసినవాళ్లు

మిగతా జిల్లాలవాళ్లు ఈ మాట ఇంత గట్టిగా చెప్పుకోనక్కరలేదేమో, మనం చెప్పుకోవాలి. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు బోరు నీళ్లు తాగి పెరిగిన పెద్దవాళ్లలో ఫ్లోరైడ్ ప్రభావం పళ్లతో ఆగలేదు. ఏళ్ల తరబడి ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ ఎముకలను మందం చేస్తుంది, కీళ్ల దగ్గరి స్నాయువులను కూడా సున్నంలా గట్టిపరుస్తుంది. వెన్నెముక వంగదు, మెడ తిరగదు. అలాంటి మనిషిని పక్కన నిలబెట్టి "కాలివేళ్లు ముట్టుకో అత్తమ్మా, నేను చూడు ఎలా వంగుతున్నానో" అనడం అన్యాయం. బలవంతంగా వంచితే ప్రమాదం కూడా. వాళ్లు ముందు ఎముకల డాక్టరుకు చూపించుకుని, ఏ కదలికలు చేయవచ్చో అడగాలి. సాధారణంగా చదునైన నేల మీద నెమ్మది నడక, కుర్చీలో కూర్చుని కాళ్లు చాపి దించడం, భుజాలు తిప్పడం లాంటివి చెబుతారు. వాళ్లకు ఇతరులతో పోలిక పెట్టకండి. పోయిన నెల ఎంతసేపు కూర్చోకుండా ఉండగలిగారో, ఈ నెల ఎంతసేపో, అదొక్కటే వాళ్ల లెక్క.

చక్కెర వ్యాధికి ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవాళ్లు పరగడుపున నడిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. చేతులు వణకడం, చల్లటి చెమట, గుండెదడ, కళ్లు మసకబారడం దాని గుర్తులు. కొంగున మూడు చెంచాల చక్కెర పొట్లం కట్టుకోండి, కనిపించగానే నోట్లో వేసుకుని కూర్చోండి. మందు మోతాదు, నడక వేళ రెండూ మీ డాక్టరుతో మాట్లాడి కుదుర్చుకోవాలి. బీపీ అదుపులో లేనివాళ్లు, గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్లు కూడా అంతే.

త్రాసును అటక మీద పెట్టండి

మొదటి నెల బరువు చూసుకోకండి. ఇది నేను బతిమాలి చెప్పే మాట, ఎవరూ వినరు. నాలుగు రోజులు నడిచి త్రాసు ఎక్కుతారు, ముల్లు కదలదు, అక్కడితో మనసు విరిగిపోతుంది. ముందు రోజు పెళ్లిలో తిన్న ఉప్పు, తాగిన నీళ్లు, నెలసరి, ఇవన్నీ కిలో అటూ ఇటూ కదిలిస్తాయి. అరగంట నడకలో ఖర్చయ్యే శక్తి ఆ సాయంత్రం తినే రెండు గారెల పాటిది. బరువు తగ్గడంలో తిండిదే పెద్ద వాటా. నడక ఇచ్చేవి వేరే, అవి ముందుగా వస్తాయి. మొదటి కొన్ని వారాల్లో కండరం లావెక్కకుండానే బలం పెరుగుతుంది. ఉన్న కండరాన్ని మెదడు, నరాలు మరింత బాగా పనిచేయించడం నేర్చుకుంటాయి కాబట్టి. అందుకే మూడో వారానికి గ్యాస్ సిలిండరు జరపడం తేలికవుతుంది, రెండో అంతస్తు ఎక్కాక తాళం తీయడానికి ఊపిరి కోసం ఆగనక్కరలేదు. రాత్రి పడుకోగానే నిద్ర పడుతుంది. వీటిని చూసుకోండి. నెల చివర్లో నడుముకు టేపు పెట్టి ఒక్కసారి కొలవండి, చాలు.

రాసుకోవడానికి యాప్ కూడా వద్దు. వంటింట్లో గోడకు తెలుగు క్యాలెండర్ ఉంటుంది. పాల ప్యాకెట్ల లెక్క, గ్యాస్ వచ్చిన తేదీ, చిట్టీ కట్టిన రోజు అందులోనే ఉంటాయి. నడిచిన రోజు ఆ గడిలో ఒక ఎర్ర గీత. ఇంట్లో అందరికీ కనబడుతుంది, అదే దాని బలం. మా వాడకట్టులో ఒక చిన్నది "అమ్మా, ఈ వారం గీతలు లేవు" అని రోజూ గుర్తుచేస్తుంది. ఆ తల్లికి అంతకన్నా మంచి కోచ్ దొరకదు.

పాటలు, కథలు వినే అలవాటు ఉంటే వాటిని నడకకు మాత్రమే దాచుకోండి. అమెరికాలో కేథరిన్ మిల్క్‌మన్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగంలో, ఆసక్తిగా ఉండే కథల రికార్డింగులను జిమ్‌లో మాత్రమే వినగలిగేలా ఏర్పాటు చేశారు. మొదట్లో ఆ ఏర్పాటు ఉన్నవాళ్లు మిగతావాళ్ల కన్నా ఎక్కువసార్లు జిమ్‌కు వెళ్లారు. పండగ సెలవులు వచ్చి వెళ్లాక ఆ తేడా చెరిగిపోయింది. ఈ చివరి వాక్యం నాకు ఆ ప్రయోగంలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది. అక్కడైనా ఇక్కడైనా గంట మూగబోయేది పండగల దగ్గరే. రోడ్డు పక్కన నడిచేటప్పుడు ఒక చెవి మాత్రం ఖాళీగా ఉంచండి.

తెగిన చోట ముడివేయడం

ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందని ప్రతి ఒక్కరూ చెబుతారు. ఇరవై రెండో రోజు కూడా లేవడానికి బద్ధకంగా ఉంటే తమలోనే లోపం ఉందనుకుంటారు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2009లో వెలువరించిన అధ్యయనంలో, కొత్త పని ఆలోచించకుండా జరిగే స్థాయికి చేరడానికి సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18, ఇంకొకరికి 254 అన్నంత తేడా కూడా ఉంది. భోజనంతో పాటు నీళ్లు తాగడం వంటి తేలిక పనుల కన్నా వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల పెద్దగా నష్టం జరగలేదని కూడా వాళ్లు గమనించారు. కాబట్టి రెండున్నర నెలలు పడుతుందనుకుని దిగండి. ముందే అలవాటైతే సంతోషం.

ఒక రోజు తప్పితే ఏమీ కాదు. వరసగా రెండో రోజు తప్పకూడదు, మా గుంపులో ఉన్న నియమం ఇదొక్కటే. రెండో రోజు నిజంగా వీలుకాకపోతే ఇంట్లోనే ఐదు నిమిషాలు: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పదిసార్లు వంగి లేవడం, రెండుసార్లు మేడ మెట్లు ఎక్కి దిగడం. ఆ రోజు గడిలో చిన్న గీత పెట్టుకోవచ్చు. ఐదు నిమిషాలతో ఒంటికి ఒరిగేది తక్కువే, కానీ మరునాడు "మళ్లీ మొదలుపెట్టాలి" అనే కొండ ఉండదు.

మన ఏడాదిలో తెగే చోట్లు ముందే తెలుసు, అనుకోకుండా వచ్చేవి తక్కువ. మాఘం, ఫాల్గుణం పెళ్లిళ్లు. మార్చిలో పదో తరగతి పరీక్షలు. ఎండలు. వానలు. బతుకమ్మ, దసరా. ఒక్కో దానికి ముందే ఏర్పాటు ఉండాలి.

ఎండలే అన్నిటికన్నా గట్టివి. మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. ఆ నెలలో ఐదూ నలభైకల్లా సూర్యుడు వస్తాడు, కాబట్టి ఐదింటికి బయలుదేరి ఆరున్నరకు ఇంట్లో ఉండాలి. సాయంత్రం ఏడు దాటినా సిమెంటు రోడ్డు వేడి కక్కుతూనే ఉంటుంది. మట్టి నేల ఉన్న మైదానమో, పానగల్లు ఉదయసముద్రం కట్టో మేలు, నీటి మీదుగా గాలి వస్తుంది. బయలుదేరే ముందు ఒక గ్లాసు, వచ్చాక మజ్జిగ. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, మాట తడబడినా నడక ఆపి నీడకు చేరి ఒళ్లు తడపాలి. మనిషి తికమకగా మాట్లాడుతుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏప్రిల్, మే నెలల్లో నిమిషాలు పెంచవద్దు. ఉన్నవి కాపాడుకుంటే చాలు.

వానాకాలం తేలిక. పైన చెప్పిన ఇంటి కసరత్తునే రెండు మూడు విడతలు చేయండి. సూర్య నమస్కారాలు వచ్చినవాళ్లు అవి చేయవచ్చు. రంజాన్ నెలలో ఉపవాసం ఉండే మా పక్కింటి ఆపా నడకను ఇఫ్తార్ తర్వాతికి మార్చుకుంటుంది, నిమిషాలూ తగ్గించుకుంటుంది. బతుకమ్మ రోజుల్లో నడవలేదని ఎవరైనా బాధపడితే నాకు నవ్వొస్తుంది. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా, ప్రతి సాయంత్రం చుట్టూ తిరుగుతూ వంగి లేస్తూ చప్పట్లు కొట్టడం వ్యాయామం కాక మరేమిటి? ఎర్ర గీత పెట్టుకోండి. అసలు గండం దసరా మరునాడు. తొమ్మిది రోజుల అలసట, ఊరి ప్రయాణం, మిగిలిన పిండివంటలు. ఆ ఉదయానికి తోడును ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

జ్వరం వచ్చి తగ్గితే పాత లెక్కలో సగంతో మొదలుపెట్టండి. డెంగీ లాంటివి వచ్చి ఉంటే డాక్టరు సరేననేదాకా వద్దు.

రెండు నెలలు దాటినవాళ్లకు

ఈపాటికి నడక విసుగు పుట్టిస్తుంది. అది మంచి లక్షణమే, పని తేలికైందని అర్థం. ఇప్పుడు మార్చాలి. వారంలో రెండు రోజులు కుర్చీ, గోడ కసరత్తులను పదిహేనుసార్ల చొప్పున మూడు విడతలు చేయండి. లీటరు నీళ్ల సీసాలు చేతుల్లో పట్టుకుని భుజాల దాకా ఎత్తి దించండి. ఒక ఆదివారం చోటు మార్చండి. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం దాకా నడిచి, గర్భగుడిలో కదలని నీడను చూసి, తిరిగి రండి. లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కండి. పాలమూరువాళ్లకు పిల్లలమర్రి ఉండనే ఉంది. ఆ పెద్ద మర్రిచెట్టును చూపిస్తామంటే పిల్లలు కూడా వెంట వస్తారు.

చెర్వుగట్టు మీద మూడు గుండ్లనే బండరాళ్ల దాకా వెళ్లాలని మా గుంపులో చాలామందికి కోరిక. వెళ్లండి, కానీ ముందు రెండు వారాలు ఇంటి మెట్లు ఎక్కి దిగడం సాధన చేసి వెళ్లండి. ఎక్కేటప్పుడు ఎవరితోనూ పోటీ పడకండి. దిగేటప్పుడు మోకాలు కాస్త వంచి, పక్కన పట్టుకోవడానికి ఏదైనా ఉంటే పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగండి. మరునాడు తొడలు పడతాయి, భయపడవద్దు. అమావాస్య నాడు మాత్రం దర్శనానికి వెళ్లండి గానీ వ్యాయామానికి వద్దు. ఆ జనంలో మీ వేగం మీ చేతిలో ఉండదు.